ఊరి జీవవైవిధ్య కమిటీ: కాగితం మీంచి చెరువుగట్టు మీదికి

(జీవవైవిధ్య యాజమాన్య కమిటీల సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు ఏర్పాటైన శిక్షణలో ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. సర్పంచులకు, కార్యదర్శులకు, పనులు మానుకుని వచ్చిన రైతులకు, చెరువు మీద బతికే అన్నలకు, విత్తనం దాచే అమ్మలకు, నాటువైద్యం చేసే పెద్దలకు నమస్కారం.

మూడు ప్రశ్నలతో మొదలుపెడతాను. మీ పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ ఉందా? అందరూ చేతులెత్తారు. మంచిది. దాని చైర్మన్ ఎవరో తెలుసా? సగం చేతులు దిగాయి. మీ ఊరి జీవవైవిధ్య రిజిస్టర్, అంటే ఊళ్లో ఉన్న పంటలు, మొక్కలు, జీవాలు రాసిపెట్టే పుస్తకం, తెరిచి చదివినవాళ్లు ఎంతమంది? నాలుగు చేతులున్నాయి. ఆ నలుగురికీ దండం పెడుతున్నాను. మిగతావాళ్లను తప్పుపట్టడానికి అడగలేదండీ. ఇలా ఎందుకైందో ముందు తెలుసుకుందాం.

చట్టం వచ్చింది 2002లో, జీవవైవిధ్య చట్టం. ప్రతి స్థానిక సంస్థా, అంటే ప్రతి పంచాయతీ, ప్రతి మున్సిపాలిటీ, ఒక కమిటీ వేసుకోవాలని అందులో 41వ సెక్షన్ చెబుతుంది. ఏళ్లు గడిచినా చాలా చోట్ల వేయలేదు. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు కేసు వెళ్లింది. 2019 ఆగస్టులో ట్రిబ్యునల్ గడువు పెట్టింది. 2020 జనవరి 31 లోపు కమిటీలు, రిజిస్టర్లు పూర్తి కావాలి, లేదంటే ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలి అంది. అప్పుడు ఏమైంది? కొన్ని నెలల్లో దేశమంతా కమిటీలు పుట్టుకొచ్చాయి. ఇవాళ వాటి సంఖ్య రెండున్నర లక్షలు దాటింది. ఏడు పేర్లు రాసి పంపమని పైనుంచి ఫోన్ వస్తే కార్యదర్శి ఏం చేస్తాడు? చేతికందిన ఏడు పేర్లు రాసి పంపాడు. ఆ ఏడుగురిలో కొందరికి తాము సభ్యులమన్న సంగతే తెలియదు. అందుకే ఇవాళ నా మాటంతా, ఉన్న కమిటీని మళ్లీ సరిగ్గా ఎలా కూర్చాలి, దానితో ఏం పని చేయించాలి, ఈ రెండింటి గురించే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇది అధికారం చెలాయించే కమిటీ కాదు. ట్రాక్టర్ ఆపే, జరిమానా వేసే, ఎవరి ఇంటినైనా సోదా చేసే హక్కు దీనికి లేదు. ఇది సలహా ఇచ్చే కమిటీ. మరి ఎందుకు అంటారా? మీ ఊరి హద్దులో దొరికే మొక్కనో, గింజనో, జంతువునో వాడుకోవడం మీద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గాని, రాష్ట్ర జీవవైవిధ్య బోర్డు గాని నిర్ణయం తీసుకునేటప్పుడు మీ కమిటీని సంప్రదించి తీరాలి. సంప్రదిస్తే బాగుంటుందని కాదండీ, సంప్రదించాలి అని ఉంది చట్టంలో. వ్యాపారం కోసం మీ ఊరి హద్దులో సేకరించేవాళ్ల దగ్గర సేకరణ రుసుము వసూలు చేసుకోవచ్చని కూడా అదే 41వ సెక్షన్‌లో ఉంది. కానీ మిమ్మల్ని సంప్రదించిన రోజున మీ దగ్గర చెప్పడానికి ఏముంది? రాసిపెట్టుకున్నది ఉంటేనే చెప్పగలరు. సలహా కమిటీకి బలం గొంతులో లేదు, రాతలో ఉంది. ఈ మాట ఇవాళ చాలాసార్లు అంటాను, విసుక్కోకండి.

ఇంకొక గందరగోళం. వన సంరక్షణ సమితి ఉంది కదా, మళ్లీ ఇదెందుకు అని అడుగుతున్నారు. వన సంరక్షణ సమితి అటవీశాఖతో కలిసి అడవి కోసం ఏర్పడింది. ఇది పంచాయతీకి అనుబంధం. పొలం, దొడ్డి, చెరువు, బీడు, శ్మశానం పక్కన మర్రిచెట్టు, ఇంటి పెరట్లో తిప్పతీగ, ఇవన్నీ దీని పరిధిలోకి వస్తాయి. అడవి లేని ఊరికి కూడా ఈ కమిటీ కావాలి. అడవి లేని ఊరికే ఇంకా ఎక్కువ కావాలి అంటాను నేను, అక్కడ మిగిలింది కొంచెమే కాబట్టి.

సరే, కూర్పు. కార్యదర్శి గారూ, పెన్ను తీసుకోండి, ఇక్కడ లెక్కలున్నాయి.

2004 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం (వాటి స్థానంలో 2024లో కొత్తవి వచ్చాయి) ఒక చైర్మన్, ఆరుగురికి మించకుండా సభ్యులు, మొత్తం ఏడుగురు ఉండేవారు. పంచాయతీ నామినేట్ చేసేవాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని ఉండేది. 2023లో చట్టాన్ని సవరించారు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కూర్పు ఎలా ఉండాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, సభ్యులు 7కు తగ్గకూడదు, 11 దాటకూడదు. కాబట్టి మళ్లీ కూర్చే ముందు మీ రాష్ట్రం నిబంధన ప్రతి ఒకటి ఎంపీడీవో ఆఫీసు నుంచి తెప్పించుకుని చూడండి.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది శాతం దగ్గర. ఆరుగురిలో ఒక్క ఎస్సీ సభ్యుణ్ని పెట్టి సరిపోయింది అనుకుంటారు. ఆరింట ఒకటి అంటే 16.66 శాతం. 18కి తక్కువ. ఇద్దరుండాలి. ఏడుగురి మీద లెక్కేసినా ఇద్దరే, పదకొండుగురి మీద లెక్కేసినా ఇద్దరే. మహిళలు ఆరుగురి మీద ఇద్దరు, ఏడుగురి మీదైతే ముగ్గురు, పదకొండు మంది ఉంటే నలుగురు. నా సలహా ఏమిటంటే ఏడుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు ఎస్సీ, ఎస్టీలు ఉండేలా చూసుకోండి. ఎవరు ఏ లెక్కన చూసినా మీ తీర్మానం నిలబడుతుంది. ఇది కనీసం మాత్రమే. ఊళ్లో మొక్కలు తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఎవరు? మీకే తెలుసు. అంతకన్నా ఎక్కువమందిని పెట్టకూడదని ఎక్కడా లేదు.

మరి ఎవర్ని పెట్టాలి? పార్టీ చూసి పెడితే వచ్చే ఎన్నికలతో పోతుంది. కులపెద్దల్ని పెడితే మీటింగుకు వస్తారు గాని బీడులోకి రారు. తెలిసినవాళ్లను పెట్టండి. నాటువిత్తనం ఇంకా వేస్తున్న రైతు ఒకరు. విత్తనం దాచే అమ్మ ఒకరు. గొర్రెలో పశువులో కాచే మనిషి ఒకరు, ఏ గడ్డి ఎప్పుడు పోయిందో ఆయనకే తెలుసు. చెరువులో వల వేసే మనిషి ఒకరు. ఆకుపసరు వైద్యం తెలిసినవారు ఒకరు. ఉసిరి, కుంకుడు, తేనె ఏరి అమ్ముకునేవాళ్లు ఒకరు. చదవడం రాయడం బాగా వచ్చిన టీచరో, డిగ్రీ చదివిన పిల్లో ఒకరు. అయిపోయింది, ఏడుగురు. వీళ్లంతా ఆ ఊళ్లో నివాసం ఉండాలి, ఓటర్ల జాబితాలో పేరుండాలి. బదిలీ మీద వచ్చిన టీచరు గారిని పెట్టేముందు ఓటు ఎక్కడుందో అడగండి. ఊళ్లో ఓటు లేకపోతే ఆయన్ను సభ్యుడిగా కాక సహాయకుడిగా పెట్టుకోండి. ఎమ్మెల్యే, ఎంపీ ప్రత్యేక ఆహ్వానితులు. మీటింగు నోటీసు వాళ్లకూ పంపండి, రాకపోయినా పంపినట్టు నకలు ఉండాలి.

నామినేట్ చేసేది పంచాయతీయే. అయినా పేర్లు గ్రామసభలో అడగండి. ముందు రోజు చాటింపు వేయించండి, అజెండాలో అంశం విడిగా రాయండి. ‘ఇతర అంశాలు’ కింద నెట్టేయకండి, తర్వాత ఎవరైనా సవాలు చేస్తే అక్కడే పట్టుకుంటారు. తీర్మానం ఇలా రాయండి: ‘జీవవైవిధ్య చట్టం 2002, సెక్షన్ 41 ప్రకారం ఈ గ్రామ పంచాయతీ పరిధికి జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయుటకు, కింది వారిని సభ్యులుగా నామినేట్ చేయుటకు తీర్మానించడమైనది.’ దాని కింద పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఓటరు క్రమసంఖ్య, ఏ వర్గం తరఫున, ఒప్పుకున్నట్టు సంతకం లేదా వేలిముద్ర. ఆ చివరిది మాత్రం వదలొద్దు. తనకు తెలియకుండానే సభ్యుడైపోయే సమస్య ఆ సంతకంతో పోతుంది.

చైర్మన్ ఎవరు? ఎక్కువ ఊళ్లలో సర్పంచ్ పేరే రాసేశారు. 2004 నిబంధనలో ఏముండేదో చూడండి. సభ్యులు తమలోంచి ఒకరిని ఎన్నుకోవాలని ఉండేది. ఆ ఎన్నిక జరిపేది సర్పంచ్, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు సర్పంచ్‌ది. పదవీకాలం 3 ఏళ్లు. సర్పంచ్ గారూ, ఇది మీ పెద్దరికం తగ్గించడం కాదు. పంచాయతీ చేయబోయే పని మీదే ఈ కమిటీ సలహా ఇవ్వాల్సి వస్తుంది. సలహా ఇచ్చేదీ మీరే, పుచ్చుకునేదీ మీరే అయితే అది సలహా ఎట్లా అవుతుంది?

తీర్మానం నకళ్లు ఎంపీడీవోకు ఒకటి, రాష్ట్ర బోర్డుకు ఒకటి పంపండి. బోర్డు ఉత్తరాలకు జవాబులు రాయడానికి, మినిట్స్ రాయడానికి ఒక మనిషిని ఆ రోజే తేల్చుకోండి. కమిటీ పేరుతో విడిగా బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలతో. పంచాయతీ సాధారణ నిధిలో కలిపితే రేపు ఏ డబ్బు ఎక్కడిదో తేలదు. స్థానిక జీవవైవిధ్య నిధి అని చట్టంలోనే విడిగా ఉంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. రిజిస్టర్. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్.

ఈ కమిటీకి ప్రధానమైన పని ఇదే. ఊరి జనాన్ని సంప్రదించి రాయడం, కాపాడటం, సరిచూడటం. జాతీయ ప్రాధికార సంస్థ ఇచ్చిన నమూనాలో పంటలు ఒక భాగం, పెంపుడు జీవాలు ఒక భాగం, అడవిలో బీడులో ఉండేవి ఒక భాగం, పట్టణాలకు ఇంకో భాగం. పట్టికలు చాలా ఉన్నాయి, చూసి భయపడొద్దు. మీ ఊరికి వర్తించని పట్టికలో ‘లేదు’ అని రాసి వదలండి. లేనిదాన్ని ఉన్నట్టు నింపితే రిజిస్టర్ మొత్తం నమ్మకం పోతుంది. ఆదరాబాదరాగా రాసిన రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూడండి. పది ఊళ్లకు ఒకటే జాబితా. మామిడి, వేప, రావి, చింత, కాకి, పిచ్చుక. నల్లరేగడి ఊరికీ, ఇసుక దిబ్బల ఊరికీ, కొండకింద ఊరికీ ఒకటే జాబితా ఎట్లా ఉంటుందండీ?

ఎలా రాయాలి? కుర్చీలో కూర్చుని రాయొద్దు. నడవండి. ఊరి పటం మీద నాలుగైదు దారులు గీసుకోండి. చెరువుగట్టు ఒకటి, వాగు వెంబడి ఒకటి, బీడు మీదుగా గుట్టకు ఒకటి, పొలాల మధ్య డొంక ఒకటి. ఒక్కో దారికి ఐదారుగురు, అందులో ఒకరైనా ముసలివాళ్లు, ఒకరైనా చిన్నవాళ్లు. ఒక్కసారి నడిస్తే చాలదు. తొలకరి తర్వాత, చలికాలంలో, ఎండాకాలంలో, కనీసం మూడుసార్లు. ఎందుకు? దుంపజాతి మొక్కలు చాలా వాటికి వానలప్పుడే ఆకు వస్తుంది, ఎండాకాలం వెళితే నేల బోసిగా ఉంటుంది. వలస పిట్టలు చలికాలంలోనే దిగుతాయి. కొత్తనీరు వచ్చినప్పుడు ఎదురెక్కే చేపల్ని ఆ నాలుగు రోజులే చూస్తారు. ఏప్రిల్‌లో వారం రోజుల్లో రాసిన రిజిస్టర్‌లో ఊళ్లో ఉన్నవాటిలో ఎన్నో రావు.

పేరు ముందు ఊరి పేరే రాయండి. శాస్త్రీయ నామం తర్వాత, కాలేజీ వృక్షశాస్త్రం లెక్చరర్ చేత వేయించుకోవచ్చు. ఊరి పేరు పోతే మళ్లీ దొరకదు. ఇక్కడొక జాగ్రత్త. ఒకే పేరుతో రెండు మొక్కలుంటాయి. బ్రాహ్మి అంటే కొందరు సరస్వతి ఆకును చూపిస్తారు, కొందరు నీటి సాంబ్రాణిని చూపిస్తారు. రెండూ వేరు. అందుకే ప్రతి మొక్కకూ ఆకు, పువ్వు, కాయ కనిపించేలా మూడు ఫోటోలు, తీసిన తేదీ, ఏ సర్వే నంబరులో కనిపించిందో రాసుకోండి. పేరు తప్పైనా ఫోటో చూసి తర్వాత దిద్దుకోవచ్చు.

విత్తనాల సంగతి. ‘మీ ఊళ్లో ఏ రకాలున్నాయి’ అని అడిగితే దుకాణంలో కొన్న ప్యాకెట్ పేర్లు చెబుతారు. అలా అడగొద్దు. ‘అమ్మా, గుమ్మిలో, కుండలో, ఉట్టి మీద ఏం విత్తనం పెట్టుకున్నావు?’ అని అడగండి. అప్పుడు బయటికి వస్తాయి ఇంటి కంది, ఇంటి అనుము, సొర, బీర, నాటు జొన్న. కొర్ర, సామ, అరిక, వరిగ, ఊద, అండుకొర్ర, ఇవి ఒక్కోటి మళ్లీ ఎన్ని రకాలో. వరిలో నెల్లూరు వైపు మొలగొలుకులు, ఇంకోచోట బుడమ, ఇంకోచోట కృష్ణకాటుకలు. ఒక్కో రకానికి ఏం రాయాలి? పేరు. ఎన్ని రోజుల పంట. ఏ నేల. ఏ కార్తెలో వేస్తారు. ఎందుకు ఉంచుకున్నారు, అంటే రుచా, మేతా, వాన ఎగ్గొట్టినా నిలబడుతుందనా, పండగకా. ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉంది. పదేళ్ల కిందట ఎన్ని ఇళ్లలో ఉండేది. చివరి రెండు అంకెలు ఎర్రసిరాతో రాయండి. రెండిళ్లలోనే మిగిలిన విత్తనం ఆ ఏడాదే నాలుగో ఇంటికి చేరాలి. అది కమిటీ చేయగలిగిన పని, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు కూడా లేదు.

పెంపుడు జీవాలూ అంతే. ‘ఆవులు 120’ అని రాస్తే అది పశుగణన. ఒంగోలు జాతి ఎన్ని, పుంగనూరు ఎన్ని, నల్లమల వైపైతే పొడ తూర్పు ఎన్ని, దక్కనీ గొర్రెలెన్ని, ఆబోతు ఎవరి దగ్గరుంది, ఆబోతు లేకపోతే ఎప్పటినుంచి లేదు. గొంగడి నేసేవాళ్లున్నారా? నల్ల ఉన్ని ఇచ్చే గొర్రె పోతే గొంగడి పోతుంది, ఆ రెండూ ఒకే పేజీలో రాయాలి.

ఇప్పుడు వైద్యం దగ్గరికి. ఇది చాలా జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా రాసేవాళ్లు. ఊళ్లో ఎవరు వైద్యం చేస్తారో జాబితా ఉంచడం కమిటీ పని. కానీ ఆయన మందు ఎలా చేస్తారో, ఎంత మోతాదో, ఏది దేనితో కలుపుతారో, ఆయన ఒప్పుకుంటే తప్ప రాయొద్దు. రాసిన పేజీ బయటికి పోతే ఎవరైనా వాడుకోవచ్చు. మరి అస్సలు రాయకపోతే? అదీ ప్రమాదమే. పసుపు గాయాన్ని మాన్పుతుందని అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాల్లో, పత్రికల్లో రాసి ఉన్న ఆధారాలు చూపించాక 1997లో రద్దయింది. వేపనూనె మీద యూరప్‌లో ఇచ్చిన పేటెంట్ 2000లో రద్దైంది, ఆ రద్దు అప్పీలులో 2005లో ఖాయమైంది. చూశారా, రాత కాపాడుతుంది, రాత బయటపెడుతుంది. అందుకే రెండు పుస్తకాలు. మొక్క పేరు, ఊళ్లో దాన్ని మందుకు వాడతారన్న సంగతి, ఇది అందరూ చూసే పుస్తకం. తయారీ, మోతాదు, ఇది చెప్పినవారి సంతకంతో, మూసిన కవరులో, వారు అడిగితేనే తెరిచే పుస్తకం. ఇలా గోప్యంగా ఉంచమని అడిగే వీలు వారికి ఉంది, మీరే ముందుగా చెప్పండి.

ఇంకో గోప్యం. పెద్ద ఎర్రచందనం చెట్టు, అలుగు ఉండే బొరియ, నక్షత్ర తాబేలు తిరిగే బీడు, వీటి సర్వే నంబర్లు అందరూ చూసే పుస్తకంలో రాయకండి. దొంగకు దారి చూపినట్టవుతుంది. ‘మా పరిధిలో ఉంది’ అని మాత్రం రాయండి.

అంతా రాశాక గ్రామసభలో చదివి వినిపించాలి. అన్ని పేజీలూ కాదు, పేర్లు చదవండి చాలు. జనం దిద్దుతారు. ఆ దిద్దుబాట్లు వేరే సిరాతో, తేదీ వేసి రాయండి. అప్పుడే సంతకాలు. ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి కమిటీ దగ్గర, గోప్యం లేని నకలు ఒకటి బడిలో. ఏటా ఒకసారి కొత్తగా కనిపించినవి, కనిపించకుండా పోయినవి చేర్చండి. పోయినవాటిని కొట్టేయకండి, ఏ ఏడు పోయిందో రాయండి.

డబ్బు గురించి అడుగుతారని తెలుసు. కార్యదర్శులు ముందే చీటీ పంపారు.

మన దగ్గరి ఉదాహరణే చెబుతాను. అమరచింత. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి. అక్కడ సేకరించిన వేపాకు 2,000 కిలోలు జపాన్‌కు ఎగుమతి చేయడానికి ఒక కంపెనీ జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి తీసుకుంది. లాభంలో వాటాగా 55,035 రూపాయలు కట్టింది. ఆ డబ్బు అమరచింత కమిటీకి చేరింది, వేపమొక్కలు నాటడానికి, జనానికి ఈ సంగతులు చెప్పడానికి. మొత్తం పెద్దది కాదు. కానీ గమనించండి, అక్కడ కమిటీ ఉంది కాబట్టి ఆ డబ్బు వెళ్లడానికి ఒక చిరునామా దొరికింది. లాభంలో వాటా మీద ఇచ్చిన 2014 మార్గదర్శకాల్లో ఎర్రచందనం, శ్రీగంధం లాంటి ఖరీదైన వాటికి వేలం సొమ్ములో 5 శాతానికి తగ్గకుండా కట్టాలని పెట్టారు. రాయలసీమ, నెల్లూరు వైపు ఊళ్లవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఎవరి దగ్గర వసూలు చేయకూడదో ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ ఊరి ఏరుకునేవాళ్ల దగ్గర, పండించే రైతు దగ్గర, నాటువైద్యుడి దగ్గర రుసుము తీసుకోవద్దు. చట్టం స్థానికులకు, సాగుదారులకు, వైద్యులకు మినహాయింపు ఇచ్చింది. ఏజెన్సీ ఊళ్లలో చిన్న అటవీ ఫలసాయం మీద హక్కు పెసా (ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే) చట్టం ప్రకారం, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభది, గిరిజనులది. అక్కడ తేనె తెచ్చిన మనిషికి రసీదు పుస్తకం చూపిస్తే కమిటీ తన సొంత మనుషుల్నే పోగొట్టుకుంటుంది. రుసుము బయటినుంచి లారీతో వచ్చే వ్యాపారికి.

దానికోసం ఇంకొక పుస్తకం. ఎవరు వచ్చారు, ఏ మొక్క, ఏ భాగం, ఎన్ని కిలోలు, ఏ సర్వే నంబరు, ఎవరి ద్వారా, లారీ నంబరు, ఎంత రుసుము, రసీదు నంబరు. భాగం అనే గడి ముఖ్యం. ఆకు కోస్తే మళ్లీ వస్తుంది. వేరు తవ్వితే మొక్కే పోతుంది. నేలవేము గింజ రాలకముందే పీకేస్తే వచ్చే ఏటికి విత్తనం ఎక్కడిది? ఉసిరి కాయ కోయమంటే కొమ్మ నరికి కింద కూర్చుని కోస్తారు, రెండు మూడేళ్లు ఆ చెట్టు కాయదు. తపసి చెట్టుకు జిగురు కోసం లోతుగా గాటు పెడితే మాను కుళ్లిపోతుంది. తేనెపట్టు మొత్తం కోయకుండా పిల్లలున్న భాగం వదిలేస్తే ఆ ఈగలు నిలుస్తాయి. ఏ భాగం, ఏ నెలలో, ఎంతవరకు అన్నది కమిటీ ఏడాదికోసారి రాసి పంచాయతీ గోడకు అతికించాలి. వ్యాపారితో మాట్లాడేటప్పుడు రుసుము కన్నా ముందు ఈ కాగితం చూపించండి.

ఇక సలహా ఎలా రాయాలి. ఇక్కడే చాలా కమిటీలు వీగిపోతాయి. ‘చెరువులో మట్టి తీయడం వల్ల పర్యావరణం దెబ్బతింటోంది, తగు చర్య తీసుకోగలరు.’ ఇలాంటి అర్జీలు తహసీల్దార్ ఆఫీసులో కట్టలు కట్టలున్నాయి. దీని మీద ఏ అధికారి అయినా ఏం చేయగలడు? ఏ చెరువు, ఏ వైపు, ఏం దెబ్బతింటోంది, ఏం చేయమంటారు, ఒక్కటీ లేదు.

ఇలా రాయండి. ‘ఊర చెరువు, ఫలానా సర్వే నంబరు. పూడికతీత ఈ నెలలో మొదలవుతున్నట్టు తెలిసింది. మా రిజిస్టర్ 34వ పేజీ ప్రకారం తూర్పుగట్టు తుమ్మల మీద ఎర్రకాళ్ల కొంగల గూళ్లున్నాయి, పిల్లలు ఇంకా ఎగరలేదు. కాబట్టి పని పడమటి వైపు నుంచి మొదలుపెట్టాలి. తూర్పు వైపు చెట్లకు 50 మీటర్లు వదలాలి. గట్టు మొదట్లో మట్టి తీయకూడదు. అంతటా సమంగా తీయాలి, గుంతలు తవ్వకూడదు. నడిమి మడుగులో నీళ్లు వదలాలి, అక్కడ ఎండాకాలంలో కొర్రమట్ట, బొమ్మిడాయి తల్లిచేపలు నిలుస్తాయి.’ చూడండి, పని ఆపమనలేదు. పూడిక తీయాల్సిందే, రైతుకు ఆ మట్టి కావాలి. పని ఎలా చేయాలో చెప్పారు, ఎందుకో చెప్పారు. గుంతలు ఎందుకు వద్దు? లోతుగా తవ్వితే అడుగున నీళ్లు ఇంకిపోకుండా ఆపే బంకమట్టి పొర తెగి చెరువు నిలవదు, పిల్లలు మునిగిపోయే ప్రమాదం కూడా. ఒక ఉత్తరానికి ఒక్క విషయమే, ఒక్క పేజీయే. పంచాయతీలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి, ఒక నకలు తహసీల్దార్‌కు, ఒకటి ఎంపీడీవోకు. చెట్టు నరకడానికి, బోరు వేయడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతులున్నాయి కాబట్టి అలాంటి విషయమైతే ఆ చట్టం పేరు కూడా ఉత్తరంలో రాయండి.

క్వారీయో, ఫ్యాక్టరీయో వస్తోంది, ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు అనుకోండి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, ఆ అంచనా నివేదిక ముసాయిదా స్థానికంగా చూసుకోవడానికి పెట్టాలి. ఆ 30 రోజుల్లో కమిటీ ఏం చేయాలి? నివేదికలో మొక్కల, జంతువుల జాబితా ఉన్న పేజీలు తీయండి. మీ రిజిస్టర్ పక్కన పెట్టండి. మీ దగ్గరుండి వాళ్ల దగ్గర లేనివి వరసగా రాయండి. సభలో అరిచేదానికన్నా ఆ వరస ఒక్కటి రాతపూర్వకంగా ఇస్తే అది రికార్డులోకి ఎక్కుతుంది. పైవాళ్లు దానికి జవాబు చెప్పుకోవాలి.

ఇంకొక మెట్టు కూడా ఉంది. సెక్షన్ 37 కింద, స్థానిక సంస్థల్ని సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించవచ్చు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు వచ్చింది. శ్రీకాకుళం వైపు తేలినీలాపురం, రాయలసీమలో వీరాపురం, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, ఈ ఊళ్లలో జనం ఎన్నో ఏళ్లుగా కొంగల్ని, గూడబాతుల్ని కాచుకుంటున్నారు. ఏ చట్టమూ చెప్పకముందే కాచారు. అలాంటి చోటు మీ ఊళ్లో ఉంటే పిట్టలు వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, గూళ్ల సంఖ్య, ఈ మూడూ ఏటా రాయడం ఈ ఏడే మొదలుపెట్టండి. ప్రతిపాదన పెట్టిన రోజున ముందుగా అడిగేవి అవే.

మిగతావి త్వరగా చెబుతాను, భోజనాల వేళ అవుతోంది. మీటింగు మూడు నెలలకొకసారి పెట్టుకోండి, ఏ అమావాస్యకో అని తేదీ ఖాయం చేసుకుంటే నోటీసు అందలేదన్న గొడవ ఉండదు. ఏడాది చివర నివేదిక రాసి పంచాయతీకి ఇవ్వాలి, ఆడిట్ అయిన లెక్కలతో సహా కలెక్టర్‌కు చేరాలి. సర్పంచ్ మారినప్పుడు, కార్యదర్శి బదిలీ అయినప్పుడు పుస్తకాలు మాయమవుతాయి. ఛార్జ్ అప్పగించే జాబితాలో ఈ మూడు పుస్తకాలు, అంటే రిజిస్టర్, గోప్యం కవరు, సేకరణ పుస్తకం, పేరు పేరునా రాయించండి. ఈ ఒక్కటీ రాయించకపోవడం వల్లే మంచి రిజిస్టర్లు బీరువాల్లో చెదలకు పోయాయి. పంచాయతీ నర్సరీలో ఏ మొక్కలు పెంచాలో జాబితా రాసే ముందు కమిటీని అడగమని సర్పంచ్ గారికి మనవి చేయండి. మీ బీడులో పెరిగే రేగు, మోదుగు, చిల్ల, నల్లమద్ది విత్తనం అక్కడే దొరుకుతుంది, ఖర్చు లేదు.

ఒక చెల్లెమ్మ చీటీ పంపింది. ‘పాత కమిటీ పేర్లు బోర్డుకు వెళ్లిపోయాయి కదా, ఇప్పుడు మార్చొచ్చా?’ మార్చొచ్చమ్మా. పదవీకాలం దాటిపోయినవి ఎలాగూ మళ్లీ వేసుకోవాలి. దాటనివైతే, రాలేనన్న సభ్యుడి దగ్గర రాజీనామా రాయించుకుని ఆ ఖాళీలో కొత్త పేరు తీర్మానంతో నింపండి. పాత తీర్మానం నంబరు, తేదీ కొత్త దానిలో తప్పకుండా ఉదహరించండి.

బయట బల్ల మీద పట్టికల కట్టలున్నాయి. ఒక్కో ఊరికి ఒకటి తీసుకోండి. భోజనం అయ్యాక మూడు గంటలకు ఈ ఊరి చెరువుగట్టు మీద కలుద్దాం. వల వేసే అన్నలు ముందు నడుస్తారు. రాసేవాళ్లు వాళ్ల వెనకే ఉండండి. నీటి మొక్కల పట్టిక, చేపల పట్టిక అక్కడే నింపుదాం.